మూడు కిలోల రెండు వందలు

పుస్తకం హస్తభూషణమన్న వాళ్లెవరో
దీన్ని ఎత్తి చూసి ఉండరు.
ఉప్పుచేప తూచే పళ్లెంలో పెట్టి నేను చూశాను:
మూడు కిలోల రెండు వందలు.

"వైన్ వైనమంతా ఇందులో ఉంది ఫిర్మీనా,
ఏప్రిల్లో అతిథులొస్తారు. చెప్పాల్సింది నువ్వే"
అంది దోనా ఎర్మెలిందా.
చెప్పే పిల్ల పోర్తోలో పళ్ల డాక్టరు దగ్గర చేరిపోయింది మరి.
నలభై నాలుగు కోతలు చూశాను.
కోసింది మేము, రాతితొట్టిలో దిగి తొక్కింది మగవాళ్లు,
మాట్లాడింది ఎప్పుడూ ఇంకెవరో.

మందులషాపులో కొన్న కళ్లద్దాలు. రాత్రికి రెండు పేజీలు.
మొదటి అక్షరం నుంచే మొదలుపెట్టాను,
మధ్యలో తెరవడం
పిలవని ఇంట్లోకి పెరటిదారిన వెళ్లడంలా అనిపించి.
పొయ్యి పక్కనుంచి కదలకుండా
ఆల్సాస్‌లో వారం ఉన్నాను,
బోర్డోలో క్రిస్మస్ దాటింది.
వైన్ తలకెక్కడం తెలుసు నాకు.
చదువు మాత్రం మెడకే ఎక్కింది, కుడివైపు నరంలోకి.

ఫిబ్రవరి చివర మా నది వచ్చింది.
పటంలో డౌరో
నా చిటికెన వేలంత నీలిదారం.
మా వాలు సరిగ్గా రెండు పేజీల మధ్య, కుట్టులోకి పోయింది.
బలంగా తెరిచాను. అట్ట కిర్రుమంది.
అయినా కనపడలేదు.

నిజం చెప్పాలి, తెలియనిది కూడా చెప్పింది.
ఇంటిపైన గోడలు కూలిన మెట్లచేలున్నాయి,
ముళ్లకంపలు తప్ప ఏమీ మొలవవు.
చచ్చిన మెట్లు అంటాం.
ఎవరో పాదిరీని కొట్టిన పాపమనేది మా అమ్మమ్మ,
అటు వెళ్లినప్పుడల్లా శిలువ గీసుకునేది.
పుస్తకంలో పాదిరీ లేడు.
పేనుబంకలాంటి పురుగట,
గోరుమీద పది పడతాయట,
అమెరికా నుంచి ఓడెక్కి వచ్చి వేళ్లు తినేసిందట.
మర్నాడు పొద్దున్నే పైకి వెళ్లి నిలబడ్డాను.
అరవై ఏళ్లొచ్చాక
మొదటిసారి శిలువ గీసుకోకుండా.

వాసనల దగ్గరే నాకూ దానికీ పేచీ.
జీను తోలు అంటుంది.
మా కంచరగాడిద జీను నాకు తెలుసు,
అది కంచరగాడిద వాసనే వేసేది.
తడిసిన రాయి, సరే, ఒప్పుకుంటాను.
సిగార్ పెట్టె, దోనా ఎర్మెలిందా వాళ్ల నాన్నది అడిగి మూత తీశాను:
లోపల బొత్తాలు, ఒక పాలపన్ను.
ఇక బ్లాక్‌కరెంట్. ప్రతి ఎర్రవైన్‌లోనూ అదే.
నేనెప్పుడూ తినలేదు. మా ఊళ్లో ఎవరూ తినలేదు.
బట్టీ పట్టాను.

ఏప్రిల్ మొదటి శనివారం.
బ్రెజిల్ నుంచి దంపతులు, మా భాషే, కొంచెం సాగదీసి.
గ్లాసు తిప్పాను, పుస్తకంలో చెప్పినట్టే.
"బ్లాక్‌కరెంట్" అన్నాను.
"అవును, అవును" అన్నాడాయన కళ్లు మూసుకుని.
నా నోరు ఊరుకోదు కదా.
"మీరు తిన్నారా ఎప్పుడైనా?"
కళ్లు తెరిచాడు. భార్య వైపు చూశాడు.
ఆవిడ ముందు నవ్వింది. తర్వాత ఆయన.
తర్వాత నేను, పీపాలు మారుమోగేలా.

"నిజం చెప్పనా" అంది ఆవిడ,
"నాకిది జబుచికాబా వాసన.
మా పెరట్లో ఉండేది. కొమ్మకి కాదు, కాండానికే కాస్తుంది,
నల్లగా, చెట్టుకి బొబ్బలెక్కినట్టు.
చిన్నప్పుడు తొక్క ఉమ్మేసి తినేవాళ్లం."
నేను గ్లాసులో ముక్కు పెట్టాను.
ఆ పెరడు నాకెలా తెలుస్తుంది?
అయినా చాలాసేపు తీయలేదు.

రాత్రి, వరస తప్పి, సిగ్గుపడుతూ
నాలుగు వందల పేజీలు దాటేసి 'జ' దగ్గర తెరిచాను.
జురా ఉంది. జర్మనీ లేదు, అది వేరే అక్షరంలో ఉందట.
జబుచికాబా లేదు.
ఎందుకుంటుంది, ద్రాక్ష కాదుగా
అనుకున్నాను గానీ
ఇంకో రెండుసార్లు వేలుపెట్టి వెతికాను.

రేపు మళ్లీ ఆగినచోట నుంచి.
ఇంకా ఆరువందల పేజీలుంది.
కోతకి ఐదు నెలలే.